పుంజు కూయని పొద్దున

మే మొదటి వారం. పెన్సిల్వేనియా కొండల్లో ఓ వేటగాడు తెల్లవారుజామున నాలుగున్నరకే కారు ఆపి, చీకట్లో గుట్టెక్కి, ఓక్ చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు. మొన్నటిదాకా ఈ లోయలోనే అడవి టర్కీ పుంజులు దద్దరిల్లేలా కూశాయి. ఇవాళ చిన్న పిట్టలు లేచాయి, కాకులు లేచాయి, ఎక్కడో వడ్రంగి పిట్ట మానును టకటకలాడించింది. పుంజు మాత్రం నోరు విప్పలేదు. ఆరు దాటింది, ఏడు దాటింది. ఏడున్నరకల్లా ఆయన సామాను సర్దుకుని, దగ్గరి ఊళ్లో పాన్‌కేకులు తినడానికి వెళ్లిపోయాడు.

పుంజు ఆ లోయలోనే ఉంది. బహుశా మూడు వందల గజాల అవతల, నాలుగు పెట్టల వెనక పురి విప్పుకుని తిరుగుతోంది.

ఇలాంటి పొద్దు మీకూ ఎదురైందా? అయితే మీరు ఒంటరి కాదు. అమెరికాలో వసంతకాలపు టర్కీ వేటంతా చెవుల మీదే నడుస్తుంది. పుంజు కూస్తుంది, వేటగాడు పెట్ట గొంతుతో పిలుస్తాడు, పుంజు వెతుక్కుంటూ వస్తుంది. కూత వినపడకపోతే అడవిలో పక్షే లేదనుకుని కొత్తవాళ్లు ఇంటిదారి పడతారు. కూయకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఈ రెండింటికీ తేడా పట్టుకున్నవాళ్లు మధ్యాహ్నం దాకా కూర్చుంటారు.

తెలుగువాళ్లలో చాలామందికి టర్కీ అంటే నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ భోజనానికి వచ్చే బొద్దు పక్షే. అడవి టర్కీ తీరు వేరు. బాగా ఎగురుతుంది, రాత్రి ఎత్తైన చెట్ల కొమ్మల మీద నిద్రపోతుంది, మెడ కాస్త తిప్పితే చుట్టూ ఉన్నదంతా చూస్తుంది. రంగులు కూడా పోల్చుకుంటుంది. వాసన పసిగట్టడంలో మాత్రం అంత చురుకు కాదు. కాబట్టి జింక వేటలోలాగా గాలివాటు చూసుకునే పని లేదు. చేయి కదిపారో, ఆ పక్షి మళ్లీ కనపడదు.

డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉంటూ, ఆఫీసులో స్నేహితుడు పిలిస్తే మొదటిసారి వెళ్లాలనుకునేవాళ్లు ముందు కాగితాల సంగతి చూసుకోవాలి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఇస్తుంది. అంటే స్నేహితుడి షాట్‌గన్ ఒక్క నిమిషం పట్టుకోవాలన్నా జేబులో లైసెన్సు ఉండాలి. రాష్ట్రాల నియమాలు దీనికి అదనం. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు వేట శిక్షణ కోర్సు నియమం ఉంది. ఇక నేర్చుకున్న విద్యను సెలవుల్లో ఇంటికొచ్చి నల్లమలలో చూపిద్దామనుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఈ సరదా అమెరికాతోనే సరి.

ఇక అసలు పనిలోకి వద్దాం.

1. ముందు కారణం పట్టుకోండి

పుంజు నోరు మూసుకోవడానికి కారణాలు నాలుగైదుకు మించవు. ఏది కారణమో తెలిస్తే ఆ పొద్దు ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువసార్లు కారణం పెట్టలే. వసంతంలో పెట్ట సుమారుగా రోజుకొకటి చొప్పున పది పన్నెండు గుడ్లు పెడుతుంది. ఆ రోజుల్లో తెల్లారగానే పుంజు దగ్గరికి చేరుతుంది. పక్కనే పెట్టలుంటే పుంజు గొంతు చించుకోవడం ఎందుకు? పెళ్లిపీటల మీద కూర్చున్నవాడు సంబంధాలు వెతుక్కుంటాడా? అన్ని గుడ్లూ పెట్టాక పెట్ట దాదాపు 28 రోజులు పొదుగుతుంది. పెట్టలు ఒక్కొక్కటే గూటికి అతుక్కుపోయే కొద్దీ పుంజు ఒంటరిదై మళ్లీ కూత అందుకుంటుంది. సీజను నడుమ ఓ వారం పది రోజులు అడవి మూగబోయినట్టు అనిపించడం వెనక సంగతి ఇదే.

రెండో కారణం మనుషులు. జార్జియా విశ్వవిద్యాలయంలో మైకేల్ చాంబర్లేన్ బృందం చాలా ఏళ్లుగా అడవుల్లో శబ్ద రికార్డర్లు పెట్టి, పక్షులకు జీపీఎస్ పరికరాలు కట్టి పరిశీలిస్తోంది. వేట మొదలయ్యాక, వేట జరిగే చోట్ల కూతలు తగ్గిపోతాయని ఆ పరిశీలనల్లో తేలింది. సీజను రెండో వారంలో, అందరూ తిరిగే ప్రభుత్వ అడవిలో పుంజు మౌనంగా ఉందంటే అది ఇప్పటికే నాలుగైదు నకిలీ పెట్టల గొంతులు విని ఉంటుంది.

గాలి, వాన, ఆకస్మికంగా దిగిన చలి కూడా కారణాలే. రాత్రంతా నక్కల్లాంటి కొయోటీలు తిరిగిన చోటా పుంజు జాగ్రత్త పడుతుంది.

2. చెవి పనిచేయనప్పుడు కళ్లను పనిలో పెట్టండి

కూత లేని పొద్దున కూర్చునే చోటు ముందురోజే తేలిపోవాలి. ఆ చోటును నేల చెబుతుంది. ఇసుక బాటలో పెద్ద అడుగులు, వాటికి అటూ ఇటూ సన్నని గీతలు కనిపిస్తున్నాయా? పుంజు పురి విప్పి నడిచినప్పుడు రెక్కల కొసలు నేలను రాసిన గుర్తులవి. రెట్ట కూడా ఆనవాలే. పుంజుది కొస వంగిన కర్రలా పొడుగ్గా ఉంటుంది, పెట్టది ముద్దగా చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఎండుటాకులు గీరి పక్కకు తోసిన చోట మట్టి ఇంకా తడిగా ఉంటే పక్షులు తిని వెళ్లి ఎంతోసేపు కాలేదు. మెత్తటి మట్టిలో గిన్నెలాంటి గుంటలు కనపడితే అవి మట్టి స్నానం చేసే చోట్లు. పెట్టలు పగటిపూట అక్కడికి వస్తాయి, వాటి వెనక పుంజు వస్తుంది.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. గుర్తులన్నీ పచ్చికబయలు అంచున దొరికితే, బయలు మొత్తం కనిపిస్తుందని గట్టు మీద కూర్చుంటారు. మీకు పుంజు వంద గజాల నుంచి కనిపిస్తే, పుంజుకు పెట్ట కూడా అంత దూరం నుంచే కనిపించాలి. గొంతు వినిపించి పెట్ట కనపడకపోతే అది అక్కడే ఆగిపోతుంది. అందుకే దారి మలుపులో, చిన్న మిట్టకు ఇవతల కూర్చోవడం మేలు. పెట్ట ఎక్కడుందో చూద్దామని మిట్టెక్కి మెడ ఎత్తేసరికే అది మీ గురికి అందే దూరంలో ఉండాలి.

3. గొంతు తగ్గించండి

అమెరికన్ వేటగాళ్ల సంచిలో మూడు రకాల పిలుపు పరికరాలు ఉంటాయి. మూత రాసి మోగించే చెక్కపెట్టె ఒకటి, దాన్ని బాక్స్ కాల్ అంటారు. అర్కాన్సాలోని డార్డనెల్ ఊరివాడైన హెన్రీ గిబ్సన్ 1897లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. గుండ్రటి పలక మీద పుల్లతో గీసేది స్లేట్ కాల్. నోట్లో పెట్టుకుని ఊదేది మౌత్ కాల్. గాలి రోజున దూరం వినపడాలంటే చెక్కపెట్టె మంచిదే. గాలి లేని మూగపొద్దున దాన్ని సంచిలోనే ఉంచి పలక తీయండి.

ఎందుకంటే పక్షులు ఆ పొద్దున చేసే చప్పుళ్లు చిన్నవి. తిండి ఏరుకుంటున్న పెట్ట ‘టుక్’ మని ఒక చిన్న క్లక్ చేస్తుంది. కాసేపాగి గుర్రుమన్నట్టు మెత్తగా ఒక పర్. నడుమ ఆకులు గీరిన చప్పుడు. మీరూ అంతే చేయండి. చేత్తో పక్కనున్న ఎండుటాకులను ఒకసారి, వెంటనే రెండుసార్లు, మళ్లీ ఒకసారి గీరి ఆపండి. టర్కీ కాళ్లతో గీరి, వెనక్కి జరిగి ఏం బయటపడిందో చూసుకుంటుంది. ఆ లయా, ఆ ఆగడమూ రెండూ దానికి తెలుసు. ఈ చప్పుడు చేయడానికి డబ్బు పెట్టి ఏమీ కొనక్కర్లేదు, అయినా సగంమంది దీన్ని వాడరు.

నిమిషానికోసారి పిలిచేవాళ్లు కూడా ఉన్నారు. అరగంటపాటు ఒకేచోట నుంచి ఆగకుండా అరిచే పెట్టను ఏ పుంజు చూసి ఉంటుంది? పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి చాలు.

4. లేవకండి, ఇంకా లేవకండి

ప్రకృతిలో జరిగేదేమిటి? పుంజు కూస్తే పెట్ట వెళ్తుంది. వేటగాడు దాన్ని తిరగేసి పెట్ట పిలిస్తే పుంజు రావాలని కోరుకుంటున్నాడు. అలవాటు లేని పని కాబట్టి పుంజు నిదానంగా వస్తుంది. మౌనంగా ఉన్న పుంజు మరీ నిదానం. పది అడుగులు వేసి ఆగుతుంది, పురి విప్పుతుంది, చూస్తుంది, గింజ ఏరుకుంటుంది. మీ మొదటి పిలుపు విని బయల్దేరిన పక్షి మీ ముందుకు చేరడానికి గంట పట్టినా వింత కాదు.

వేటగాడు ముప్పావుగంట కూర్చుంటాడు, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, ఇక్కడ ఏమీ లేదని లేచి ప్యాంటు దులుపుకుంటాడు. అప్పుడే ఎడమ పక్క పొదలోంచి పెద్ద రెక్కల చప్పుడు. ఆ పుంజు పది నిమిషాలుగా అక్కడే ఉంది. వసంతకాలంలో అమెరికా అడవుల్లో లెక్కలేనన్ని సార్లు జరిగే కథ ఇది.

కాబట్టి ఇక లేద్దామని నిర్ణయించుకున్నాక మరో అరగంట కూర్చోండి. సాధ్యం కావాలంటే కింద మెత్తటి దిండు ఉండాలి. చులకనగా చూసే వస్తువే గానీ, ఖరీదైన తుపాకీ కన్నా ఎక్కువసార్లు వేటను నిలబెట్టేది అదే. చొక్కా, ప్యాంటులకు ముందురోజే పెర్మెత్రిన్ కొట్టి ఆరబెట్టుకోండి, ఒంటికి మాత్రం రాయకూడదు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో లైమ్ జబ్బు తెచ్చే పిడుదులు ఎక్కువ. ఒంటి మీద ఏదో పాకుతోందని చేయి ఆడించే మనిషి కదలకుండా ఎలా కూర్చుంటాడు?

కూర్చున్నంతసేపూ చెవి ఒక చప్పుడు కోసం కాచుకోవాలి. కూయని పుంజు కూడా పురి విప్పినప్పుడు ‘ఫ్ట్’ మని ఉమ్మినట్టు ఒక శబ్దం, వెంటనే లోతుగా ‘గుమ్మ్’ మని ఒక మోత చేస్తుంది. దీన్ని డ్రమ్మింగ్ అంటారు. చెవికన్నా ఛాతీకి ముందు తెలుస్తుందని అనుభవజ్ఞులు చెబుతారు. అది వినపడిందంటే పక్షి చాలా దగ్గర్లో ఉంది. అప్పుడు పిలవడం ఆపి, తుపాకీ మోకాలి మీదికి తెచ్చుకుని ఉంటే అలాగే ఉంచండి. ఇంకా తేకపోతే పక్షి మాను చాటుకు వెళ్లినప్పుడు తెండి.

5. అసలు సమయం పదింటికి మొదలవుతుంది

పాన్‌కేకుల వేటగాడు పోగొట్టుకున్నది దీన్నే. గుడ్లు పెట్టే పెట్టలు పొద్దెక్కే కొద్దీ ఒక్కొక్కటిగా పుంజును వదిలి గూటి వైపు జారుకుంటాయి. పది నుంచి మధ్యాహ్నం దాకా పుంజు ఒంటరిగా తిరుగుతూ ఉంటుంది. పొద్దున మీ పిలుపు విని మాట్లాడని పక్షికి మీ చోటు గుర్తుంటుంది, అక్కడ ఒక పెట్ట ఉందన్న సంగతీ గుర్తుంటుంది. పెట్టలన్నీ పోయాక అది చూడటానికి వచ్చే మొదటి చోటు మీది కావచ్చు.

గడియారం మీదా ఒక కన్ను ఉంచండి. న్యూయార్క్‌లో వసంతకాలపు వేట మధ్యాహ్నం పన్నెండుకు ఆగిపోవాలి. పెన్సిల్వేనియాలో సీజను మొదటి భాగంలో అంతే, తర్వాత సాయంత్రం దాకా వీలుంటుంది. టెక్సస్‌లో పగలంతా వేటాడవచ్చు. నియమాలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ రాష్ట్రం ఆ ఏడాది ఇచ్చే నియమాల పుస్తకం చదవకుండా బయల్దేరకూడదు.

6. పెట్టతో పోట్లాట పెట్టుకోండి

పుంజు పలకదు గానీ, కొన్నిసార్లు దాని పక్కనున్న పెద్ద పెట్ట మీ పిలుపుకు గయ్యిమంటుంది. ఆ సందు వదలకండి. అది ఎలా అంటే మీరూ అలాగే, అది పూర్తి చేయకముందే అందుకోండి. రెండు కూతలు కూస్తే మీరు మూడు కూయండి. తన చోటులోకి వచ్చిన కొత్త గొంతు ఎవరిదో తేల్చుకుందామని పెట్ట వస్తే పుంజు దాని తోకపట్టుకుని వస్తుంది. గొంతు తగ్గించమన్న మూడో సూచనకు మినహాయింపు ఇదొక్కటే.

7. గాలివానల రోజు బయలు ప్రదేశాలకు వెళ్లండి

వాన చినుకుల్లో, హోరుగాలిలో టర్కీకి అడవి లోపల చెవి పనిచేయదు. శత్రువు అడుగు వినపడని చోట అది ఉండదు. కళ్లతో కాపలా కాసుకోవడానికి పొలాలకు, పచ్చికబయళ్లకు వస్తుంది. గాలి మరీ ఎక్కువైతే కొండకు గాలి తగలని పక్కకు దిగుతుంది. వాన వెలిసి ఎండ పడిన మొదటి గంటలో ఈకలు ఆరబెట్టుకోవడానికి బయలులో నిలబడుతుంది, కూత అందుకునేదీ తరచుగా అప్పుడే.

8. తిరగాల్సి వస్తే పిల్లిలా కాదు, టర్కీలా నడవండి

ఎంతసేపు కూర్చున్నా ఆ చోట పక్షి లేదని తేలితే కదలండి. యాభై అరవై గజాలు నడిచి, ఆగి, ఆకులు గీరి, ఒక క్లక్ చేసి, పది నిమిషాలు వినండి. అడుగుల చప్పుడు వినపడకూడదని తాపత్రయపడకండి, మనిషిలా సమంగా ఒకే వేగంతో మాత్రం నడవకండి.

కూత పుట్టించాలంటే ముందు పెట్ట గొంతు వాడకండి. గుడ్లగూబ అరుపో కాకి అరుపో వాడండి. పెద్ద శబ్దానికి ఉలిక్కిపడి పుంజు అసంకల్పితంగా ఒక్క కూత వేస్తుంది, ఎక్కడుందో మీకు తెలిసిపోతుంది. పెట్ట గొంతుతో మొదలుపెడితే, పుంజు డెబ్బై గజాల్లో బదులిచ్చి బయల్దేరిందనుకోండి, మీరు దారి మధ్యలో నిలబడి ఉంటారు. ఏ పిలుపుకైనా ముందు ఆనుకునే చెట్టు చూసుకోండి.

9. మౌనంగా వచ్చేది పుంజే కానక్కర్లేదు

ఈ సూచన దాటేసి ముందుకు పోవద్దు. మూగపొద్దుల్లో చప్పుడు లేకుండా కదిలేది పక్షులే కాదు, ఇతర వేటగాళ్లు కూడా. మీరు పెట్టలా పలుకుతున్నారు, ఆకులు గీరుతున్నారు, ఒళ్లంతా ఆకుల రంగు బట్టలు. మరో వేటగాడికి మీరు ఎలా వినిపిస్తున్నారో ఆలోచించారా?

మీ భుజాల కన్నా వెడల్పైన మానుకు వీపు ఆనించి కూర్చోండి, వెనక నుంచి రక్షణ అదే. ఎరుపు, తెలుపు, నీలం రంగులు జేబురుమాలులో కూడా ఉండకూడదు, అవి పుంజు తలమీది రంగులు. ఎవరైనా వస్తుంటే చేయి ఊపకండి, టర్కీ కూత కూయకండి, మనిషి గొంతుతో గట్టిగా పిలవండి. దీమంగా నిలబెట్టే టర్కీ బొమ్మలను మోసుకెళ్లేటప్పుడు సంచిలో పెట్టి మూతికట్టండి. నడిచేటప్పుడు నారింజ రంగు టోపీ పెట్టుకోండి.

ఎక్కడో పెట్ట పలికిందని ఆ చప్పుడు వైపు పాకుతూ వెళ్లడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పెన్సిల్వేనియాలో వసంతకాలపు వేటలో పక్షిని పిలిచి రప్పించాలే గానీ దాని మీదికి నక్కి వెళ్లకూడదని నియమమే ఉంది. ట్రిగ్గరు మీద వేలు పెట్టే ముందు పక్షి పూర్తిగా కనపడాలి. ఛాతీ నుంచి వేలాడే గడ్డం కనపడాలి, వెనక ఏముందో తెలియాలి. ఎదురు దూరం 40 గజాలు దాటితే ఆగండి, మీ తుపాకీ గుళ్లు ఏ దూరంలో ఎలా చెల్లాచెదురవుతాయో ముందే కాగితం మీద కాల్చి చూసుకుంటే ఈ అంకె ఇంకా తగ్గవచ్చు.

10. సాయంత్రం ఒక గంట కేటాయించండి

వేట సమయం ముగిసిపోయినా, చేతిలో తుపాకీ లేకపోయినా పొద్దుగుంకే వేళకు అడవి అంచుకు వెళ్లండి. టర్కీలు చీకటి పడేముందు చెట్లెక్కుతాయి. పెద్ద రెక్కలు కొట్టుకునే చప్పుడు, కొమ్మలు విరిగిన చప్పుడు దూరానికి కూడా వినిపిస్తాయి. గుడ్లగూబ అరుపుకు రోజంతా పలకని పుంజు కూడా కొమ్మ మీద నుంచి ఒక్కసారి పలకవచ్చు. చెట్టు దగ్గరికి పోకండి, చీకట్లో బెదిరిన పక్షులు మర్నాడు ఆ చుట్టుపక్కల దిగవు. చెట్టు ఏ వైపు ఉంది, కింద వాగుందా, బయలు ఏ వైపు ఉంది అన్నవి రాసుకోండి. మర్నాడు తెల్లవారకముందే చెట్టుకూ బయలుకూ మధ్య, చెట్టుకు నూటయాభై గజాలకు తక్కువ కాకుండా చోటు చూసుకోండి. దిండు, మంచినీళ్లు, పదకొండింటిదాకా సరిపడే తిండి సంచిలో పెట్టుకోండి. పుంజు ఆ పొద్దున కూడా కూయకపోవచ్చు, ఈసారి మీరు మాత్రం దాని దారిలో కూర్చుని ఉంటారు.